దూరాంతరిక్ష నౌకలకు ఇంధనము: ప్లుటోనియం 238

బృహస్పతి వద్ద పడు సూర్యరశ్మి, భూమిపై పడుదానిలో 25వ వంతు కంటె తక్కువ. నెప్ట్యూను వద్ద అది 900వ వంతు మాత్రమే. అంత దూరము పోవు నౌకకు సౌరఘటములు చాలవు. బ్యాటరీలు కొలది కాలములోనే ఉడిగిపోవును. 1977లో బయలుదేరిన వాయేజరు నౌకలు రెండును 2025లో కూడ సంకేతములు పంపినవన్న, అందుకు కారణము వాటిలోని ప్లుటోనియం 238.

దీని పరమాణువులు ఆల్ఫా కణములను విడుచుచు యురేనియం 234గా మారును. ఆ కణములు పదార్థములోనే ఆగి వేడి పుట్టించును. గ్రాముకు సుమారు అర వాట్ అనుకొనవచ్చును. ఒక కొస వేడిగాను, రెండవ కొస చల్లగాను ఉన్న ఉష్ణయుగ్మములో విద్యుత్తు పుట్టును. ఇక్కడ జరుగునదియు అదియే. అరుగుటకు, విరుగుటకు కదలెడు భాగమొక్కటియు లేదు. అర్ధజీవితకాలము 87.7 సంవత్సరములు. ఇది మరీ తక్కువైనచో వేడి త్వరగా తరిగిపోవును. మరీ ఎక్కువైనచో చాలినంత వేడి రాదు.

ఇంత అనువైన పదార్థము గనులలో దొరకదు. 1988లో అమెరికాలోని సవానా నది కర్మాగారమున దీని ఉత్పత్తి ఆగిపోయెను. పిమ్మట కొంత రష్యా నుండి కొనిరి. మరల ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో పని మొదలై, 2015లో 50 గ్రాములు చేతికి వచ్చెను. 2020లో అంగారకునికి బయలుదేరిన పర్సెవరెన్సు బండి ఒక్కదానికే 4.8 కిలోగ్రాముల ప్లుటోనియం డయాక్సైడు పట్టినదన్నచో, కొరత ఎట్టిదో పాఠకులే ఊహింపగలరు.

తయారు చేయు విధము ఇది. నెప్ట్యూనియం 237 ఆక్సైడును అల్యూమినియం పొడితో కలిపి, బిళ్ళలుగా అదిమి, గొట్టములలో పెట్టి రియాక్టరులో ఉంచుదురు. న్యూట్రానును మ్రింగిన పరమాణువు నెప్ట్యూనియం 238 అగును. అది సుమారు రెండు దినముల అర్ధజీవితకాలముతో బీటా కణమును విడిచి ప్లుటోనియం 238 అగును. అయితే ఎక్కువ కాలము ఉంచితిమా, పుట్టిన ప్లుటోనియమే మరొక న్యూట్రానును మ్రింగి 239గా మారి, సరుకు చెడును. తోడుపెట్టిన పెరుగును పులియక మునుపే తీసినట్లు, వేళ చూచి తీయవలెను. పిదప దళసరి గోడల చాటున, యాంత్రిక హస్తములతో, నత్రికామ్లమున కరగించి ప్లుటోనియమును వేరుపరతురు. మిగిలిన నెప్ట్యూనియము మరల రియాక్టరుకే పోవును. లాస్ అలమాస్ ప్రయోగశాలలో ఆక్సైడును బిళ్ళలుగా చేసి, ఇరిడియం తొడుగులలో ఉంచుదురు.

ఈ తొడుగు ఎందుకని అడుగవచ్చును. ఆల్ఫా కణములను పలుచని రేకు కూడ ఆపగలదు. కాని ప్లుటోనియం ధూళి ఊపిరితో లోనికి పోయినచో మిక్కిలి ప్రమాదము. 1964లో ఒక అమెరికా ఉపగ్రహము కక్ష్య చేరక పడిపోయినపుడు, అందలి ప్లుటోనియం పైవాతావరణములో కాలి చెదరిపోయెను. ఆనాటి ఏర్పాటే అట్టిది. అటుపిమ్మట, కాలిపోక గట్టిగా నిలిచి దిగునట్లు పెట్టెలు కట్టసాగిరి. 1970లో అపోలో 13తో తిరిగివచ్చిన అట్టి పెట్టె, సుమారు 3.8 కిలోగ్రాముల ఇంధనముతో పసిఫిక్ మహాసముద్రమున టోంగా అగాధ ప్రాంతములో మునిగెను. ప్లుటోనియం బయటపడిన జాడ అచ్చటి గాలిలోను, నీటిలోను కానరాలేదు.