ఊరి బడి వీడితే ట్రిపుల్ ఐటీ దూరం

గజపతినగరం: పిల్లవాడు తొమ్మిదో, పదో తరగతికి రాగానే ఊళ్లోని జిల్లాపరిషత్ హైస్కూలు మాన్పించి, అప్పోసప్పో చేసి పట్నంలోని ప్రైవేటు బడిలో వేయడం పల్లెల్లో పరిపాటి అయింది. గజపతినగరంలోనే కాదు, బొండపల్లి, దత్తిరాజేరు, మెంటాడ మండలాల్లోనూ ఇదే వరస. ఫీజు కట్టేందుకు మానాపురం సంతకు పశువును తోలుకెళ్లే రైతులూ లేకపోలేదు. మంచి కాలేజీలో సీటు రావాలన్నదే వీరి ఆశ. అయితే ఒక పెద్ద సీటు విషయంలో ఈ ఖర్చే పిల్లవాడిని వెనక్కి లాగుతుందన్న సంగతి చాలామంది తలిదండ్రులకు తెలియదు.

అదే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, వాడుకలో ట్రిపుల్ ఐటీ. గ్రామీణ విద్యార్థుల కోసమని 2008లో దీన్ని స్థాపించారు. ఆ రోజుల్లో మనవైపు పిల్లలు నూజివీడు పోవలసి వచ్చేది. 2016లో శ్రీకాకుళానికి మంజూరైన ట్రిపుల్ ఐటీ ఇప్పుడు ఎచ్చెర్ల మండలంలో నడుస్తున్నది. ఇంటర్‌తో సమానమైన చదువు రెండేళ్లు, ఇంజనీరింగు నాలుగేళ్లు, మొత్తం ఆరేళ్లు హాస్టల్లోనే ఉండి చదువుకోవాలి.

ఇక్కడ ప్రవేశ పరీక్ష లేదు. కరోనా వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయిన 2020, 2021 సంవత్సరాల్లో మాత్రం పరీక్ష పెట్టారు. 2022 నుంచి మళ్లీ పదో తరగతి మార్కులే ఆధారం. అదీ మొదటిసారిలోనే ప్యాసై ఉండాలి. జిల్లాపరిషత్, మునిసిపల్ వంటి, హాస్టలు లేని ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి నాలుగు శాతం మార్కులు అదనంగా కలుపుతారు. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

నాలుగు శాతమే కదా అని తీసిపారేయరాదు. ఊరి బడిలో ఒక అమ్మాయికి 600కి 550 వచ్చాయనుకుందాం. నాలుగు శాతం కలిస్తే ఆమె లెక్క 572కు తగ్గదు. పట్నం ప్రైవేటు బడిలో 570 తెచ్చుకున్న పిల్లవాడు ఆమె వెనకే నిలబడతాడు. వేలకు వేలు పోసి మార్పించిన బడి అతనికి కనీసం ఇరవై మార్కులు ఎక్కువ తెచ్చిపెడితే తప్ప ఆ మార్పు వల్ల ఫలితం శూన్యం.

అలాగని ఊరి బడిలో పేరుంటే చాలు, సీటు వచ్చేసినట్టేనని అనుకోవడమూ పొరపాటే. రాష్ట్రంలో ఏటా ఆరు లక్షల మందికి అటూ ఇటూగా పదో తరగతి పరీక్ష రాస్తుంటే, నాలుగు ట్రిపుల్ ఐటీల్లో కలిపి ఉన్నవి నాలుగు వేల పైచిలుకు సీట్లు. రిజర్వేషన్లు పాటించినా పోటీ తీవ్రమే. ఇద్దరికి సమానంగా మార్కులు వస్తే ముందు లెక్కల మార్కులు చూస్తారు, తర్వాత సైన్సు. కాబట్టి లెక్కల్లో పోగొట్టుకున్న ఒక్క మార్కుకూ విలువ ఉంది. సంక్రాంతి వెళ్లాక పుస్తకం పట్టుకుంటే సరిపోయే సబ్జెక్టు కాదది. తలిదండ్రులు కూలి పనులకు విశాఖో, హైదరాబాదో తరలివెళ్లేటప్పుడు పిల్లలనూ వెంట తీసుకుపోతే దెబ్బ తినేదీ అదే.

పునాది ఎనిమిదో తరగతిలోనే వేసుకోవచ్చు. కేంద్రప్రభుత్వ ఉపకార వేతనం కోసం ఆ తరగతిలో ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష జరుగుతుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించని ప్రభుత్వ పాఠశాలల పిల్లలు రాయవచ్చు. నెగ్గితే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. లెక్కలు, తర్కం మీద ప్రశ్నలుంటాయి గనుక ఆ సాధన వృథా పోదు. మధ్యలో ప్రైవేటు బడికి మారితే ఈ డబ్బూ ఆగిపోతుంది.

ఆడపిల్లను ఆరేళ్లు హాస్టల్లో ఉంచడమా అని వెనకాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఎచ్చెర్ల పరాయి రాజ్యమేమీ కాదు, విజయనగరం మీదుగా పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చూసి రావచ్చు. అయితే సీటు నూజివీడులోనో, ఒంగోలులోనో, ఇడుపులపాయలోనో రావచ్చునని ముందే మనసు సిద్ధం చేసుకోవాలి.

పదో తరగతి ఫలితాల తర్వాత దరఖాస్తులకు గడువు కొద్ది రోజులే ఉంటుంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు సచివాలయంలో వేసవికి ముందే తీసుకుని ఉంచుకోవాలి. దరఖాస్తులో తాము చదివినది ఏ యాజమాన్యపు బడో సరిగా నమోదైనదీ లేనిదీ దగ్గరుండి చూసుకోవాలి. ఆ నాలుగు శాతం దాని మీదే ఆధారపడి ఉంటుంది.