బండ దానంతటదే పేలితే!

మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో పెద్ద భవనాలకు పునాదులు తవ్వేటప్పుడు బండలను మందుపెట్టి పేలుస్తారు. ఆ అదురుకు ఇంట్లో కిటికీ అద్దాలు గలగలమనడం మీలో కొందరికి అనుభవమే. మరి మందు పెట్టకుండానే బండ పేలుతుందా? కోలారు బంగారు గనుల్లో పనిచేసిన పాత కార్మికులను అడిగితే తెలుస్తుంది. బంగారం కంటే ఆ పేలుళ్ళే వాళ్ళకు బాగా గుర్తు.

సినిమాలో చూసిన కె.జి.ఎఫ్.ను కాసేపు పక్కన పెట్టండి. అసలు కె.జి.ఎఫ్. కర్ణాటకలో, చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గరలో ఉంది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ అక్కడ పని మొదలుపెట్టింది. చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్ళు, ఆర్కాటు వైపు నుంచి తమిళులు వేల సంఖ్యలో వెళ్ళి చేరారు. ఇల్లు కంపెనీది, ఆసుపత్రి కంపెనీది. చుట్టూ సముద్రం లేదన్నమాటే గాని, దీవిలో బతుకులాంటిదే.

చాంపియన్ రీఫ్ గని లోతు సుమారు 3.2 కిలోమీటర్లు. ఒక చిన్న లెక్క వేద్దాం. అక్కడి రాయి ఘనమీటరుకు దాదాపు 3 టన్నులు తూగుతుంది. 3 కిలోమీటర్ల లోతులో ఒక్క చదరపు మీటరు మీద పడే బరువెంత? 9,000 టన్నులు! మీ వేలిగోరంత చోట 900 కిలోలన్నమాట. అన్నివైపులా రాయి ఆనుకుని ఉన్నంతకాలం ఆ భారాన్ని ఓర్చుకుంటుంది. ఖనిజం తవ్వి తీయగానే ఒకవైపు ఆసరా పోతుంది. ఖాళీ చుట్టూ ఉన్న రాయి మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మెత్తని రాయి అయితే మెల్లగా జరిగి సర్దుకుంటుంది. కోలారు రాయి మహా గట్టిది, పెళుసుది. వంచిన వెదురుబద్దలా శక్తిని దాచుకుని, ఓర్పు హద్దు దాటగానే ఒక్కసారిగా పగిలి ముక్కలు చిమ్ముతుంది. ఇదే శిలా విస్ఫోటం. గనివాళ్ళ మాటలో 'రాక్‌బర్స్ట్'.

ఆ అదురు పైకీ వచ్చేది. కార్మికుల ఇళ్ళ వరుసలను 'లైన్లు' అనేవారు. ఆ లైన్లలో గిన్నెలు కదిలితే చాలు, ఆ షిఫ్టులో ఎవరెవరు దిగారో లెక్కపెట్టుకునేవారు.

వేడి సంగతి చెప్పనే లేదు. అట్టడుగున రాతి ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటేది. చల్లబరచిన గాలిని లోపలికి పంపేవారు. అయినా తేమగాలిలో చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు.

ఇదే లోతు భౌతికశాస్త్రవేత్తలకు మాత్రం వరమైంది. పైనున్న రాయి కాస్మిక్ కిరణాలను చాలావరకు అడ్డగించడం వల్ల, అవి వాతావరణంలో పుట్టించే న్యూట్రినోల జాడను 1965లో ఇక్కడ పట్టుకోగలిగారు.

అన్నిటికంటే మోసకారి ధూళి. రాయి తొలిచేటప్పుడు లేచే సన్నని సిలికా రేణువులు ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరి మచ్చలు కట్టిస్తాయి. ఈ సిలికోసిస్ బయటపడడానికి ఏళ్ళు పడుతుంది. పోయిన ఊపిరితిత్తిని బాగుచేసే మందు లేదు.

జపాన్‌లో హషిమా అనే నిజమైన దీవి ఉంది. సముద్రం అడుగున బొగ్గు తవ్విన ఆ గనిని 1974లో మూసేయగానే, కొన్ని నెలల్లో దీవి మొత్తం ఖాళీ అయింది. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. గని లోపల నీళ్ళు నిండాయి, ఊరు మాత్రం ఖాళీ కాలేదు. పాత లైన్లలోనే కుటుంబాలు ఉన్నాయి. చాలామంది పొద్దున్నే రైలెక్కి బెంగుళూరుకు పనికి పోతారు. బంగారం తీశాక పారబోసిన రాతిపొడి గుట్టలను అక్కడ సైనైడ్ దిబ్బలంటారు. గాలి వీచినప్పుడల్లా వాటి దుమ్ము ఇళ్ళ మీదికి వస్తూనే ఉంది.