మధ్యధరా తీరాన వారం రోజులు: బయలుదేరే ముందు వేసుకోవలసిన లెక్కలు



సముద్రస్నానం అంటే మనకు మాఘమాసమో, కార్తీక పౌర్ణమో జ్ఞాపకం వస్తుంది. ఒక మునక వేసి, తడిబట్టలతో గుడికి వెళ్ళి, సాయంత్రానికి ఇంటికి చేరడం మనకు అలవాటు. వారం రోజులు సముద్రపు ఒడ్డునే కాపురం పెట్టడానికి విమానమెక్కి వెళ్ళడం ఏమిటని మొదట వింతగానే ఉంటుంది. కాని ఇప్పుడు మన ఇళ్ళల్లో పిల్లలు చాలామంది ఫ్రాన్సులోనో, జర్మనీలోనో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అమ్మానాన్నల్ని రప్పించుకున్నప్పుడు, "అమ్మా, ఓ వారం ట్యునీషియా వెళ్ళొద్దాం, ఇక్కణ్ణుంచి రెండు మూడు గంటల ప్రయాణమే" అంటున్నారు. సరేననే ముందు ఇల్లాలు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. సూస్ అనే ఊరిని ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

ట్యునీషియా ఆఫ్రికా ఖండానికి ఉత్తరపు కొసన, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశం. సూస్ దాని తూర్పు తీరంలో, రాజధాని ట్యూనిస్‌కు దక్షిణంగా సుమారు 140 కిలోమీటర్ల దూరాన ఉంది. దగ్గరలో రెండు విమానాశ్రయాలున్నాయి. ఒకటి పక్క ఊరు మొనాస్టిర్‌లో, రెండవది 2009లో తెరిచిన ఎన్‌ఫిదాలో. మొనాస్టిర్ బాగా దగ్గర, ఎన్‌ఫిదా దూరం. టిక్కెట్టు మీద ఏది రాసి ఉందో చూసి కారు మాట్లాడుకోవాలి. హైదరాబాదు నుంచి నేరుగా విమానం లేదు, గల్ఫ్ దేశాల్లోనో, ఇస్తాంబుల్‌లోనో మారాలి. అక్కడి గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక నడుస్తుంది.

ముందు కాగితాలు

అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే కాబట్టి కాస్త శ్రద్ధగా వినండి. పిల్లల దగ్గరికి యూరపు వెళ్ళే పెద్దలకు ఇచ్చేది షెంగెన్ వీసా. అది ఒక్కసారి ప్రవేశానికీ ఇస్తారు, పలుమార్లు ప్రవేశానికీ ఇస్తారు. ట్యునీషియా ఆ షెంగెన్ కూటమిలో లేదు. ఒక్కసారి ప్రవేశం వీసాతో ప్యారిస్‌లో దిగి, అక్కణ్ణుంచి సూస్ వెళితే, ఆ వీసా అంతటితో సరి. గడువు ఇంకా రెండు నెలలున్నా తిరిగి ప్యారిస్‌లోకి రానివ్వరు. పెట్టెలన్నీ అమ్మాయి ఇంట్లో, మనం ఆఫ్రికాలో! అందుచేత వీసా చీటీలో ప్రవేశాల సంఖ్య దగ్గర ఏముందో చూడండి. "మల్ట్" అని ఉంటే బెంగ లేదు. "01" అని ఉంటే ఆ సరదా మానుకోవడమే మంచిది. ఇక్కడ దరఖాస్తు పెట్టేటప్పుడే మధ్యలో ట్యునీషియా ప్రయాణం ఉందని రాసి, పలుమార్లు ప్రవేశం కోరాలి. ట్యునీషియా వారి వీసా నిబంధన కూడా టిక్కెట్లు కొనక ముందే వారి రాయబార కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

ఆరోగ్య బీమా సంగతీ అంతే. షెంగెన్ వీసా కోసం తీసుకున్న బీమా చాలావరకు ఆ దేశాలకే చెల్లుతుంది. ట్యునీషియాకు చెల్లకపోతే ఆ వారానికి విడిగా తీసుకోవాలి. బి.పి., షుగరు మాత్రలు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే ఉండాలి.

ఎప్పుడు వెళ్ళాలి?

జూలై, ఆగస్టు నెలల్లో ఎండా ఎక్కువ, జనమూ ఎక్కువ, ధరలూ ఎక్కువే. ఒక్కొక్కప్పుడు సహారా ఎడారి వైపు నుంచి వడగాలి కొడుతుంది. సెప్టెంబరులో ఎండ తగ్గుతుంది గాని, వేసవంతా కాగిన సముద్రం ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. పెద్దవాళ్ళకు అది హాయి. మే నెలలో గాలి బాగుంటుంది, నీళ్ళు మాత్రం చల్లన. చలికాలంలో ఊరు చూడవచ్చు, స్నానానికి పనికిరాదు. రంజాను నెల ఏడాదికి పది పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతూ వస్తుంది. ఆ నెలలో పగలు ఊళ్ళో చాలా హోటళ్ళు మూసి ఉంటాయి కనుక, అదీ చూసుకుని తేదీలు పెట్టుకోవాలి.

ఎక్కడ దిగాలి?

ఊరి మధ్యన బూజాఫర్ అనే బీచి ఉంది. అక్కడ దిగితే బజారుకూ, పాత కోటకూ నడిచి వెళ్ళవచ్చు. ఉత్తరాన సుమారు పది కిలోమీటర్ల దూరంలో, 1979లో తెరిచిన పోర్ట్ ఎల్ కంతావి అనే విహారకేంద్రం ఉంది. అక్కడ పడవల రేవూ, తోటలూ, పిల్లలకు ఆటలూ ఉంటాయి గాని ఊరు దూరం. చిన్నపిల్లలుంటే అక్కడ, కాలక్షేపం కావాలనుకుంటే ఊళ్ళో దిగడం మేలు.

హోటలు వాళ్ళు చెప్పే "హాఫ్ బోర్డు" అంటే గదితో పాటు ఉదయం ఫలహారం, రాత్రి భోజనం. "ఆల్ ఇన్‌క్లూజివ్" అంటే మూడు పూటలా తిండి, పానీయాలతో సహా. మద్యం ముట్టని శాకాహారులు ఆ రెండో పద్ధతికి డబ్బు పోయడం దండుగ. హాఫ్ బోర్డు చాలు. అద్దె కాక, తలకింత, రాత్రికింత అని చిన్న పన్ను హోటల్లో విడిగా కట్టించుకుంటారు.

తిండి మాటేమిటి?

కారానికి లోటు లేదు. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ధనియాలు, సీమసోపు నూరి ఆలివ్ నూనె పోసి చేసే "హరిస్సా" అనే ముద్ద ప్రతి బల్ల మీదా ఉంటుంది. మన పండుమిరప కారానికి చుట్టమనుకోండి. 2022లో యునెస్కో దాన్ని ట్యునీషియా వారసత్వ సంపదగా గుర్తించింది. రొట్టెకు రాసుకుని, పక్కన ఆలివ్ కాయలు పెట్టుకుంటే నాలుక చచ్చిపోదు.

చిక్కల్లా చేపతోటి. ట్యూనా చేప అక్కడివారికి మనకు కొత్తిమీర లాంటిది, దేనిమీదైనా చల్లేస్తారు. కాల్చిన మిరపకాయలు, టమాటాలతో చేసే "మెష్వియా" అచ్చం మన రోటిపచ్చడే, కాని పైన ట్యూనా, గుడ్డు పెట్టి ఇస్తారు. "బ్రిక్" అనే వేపుడు కజ్జంలో గుడ్డు ఉంటుంది. కూరగాయల కుస్కుస్ అని తెచ్చినా, ఆ రవ్వ మీద పోసే పులుసు మాంసంతో ఉడికించింది కావచ్చు. కనుక "వెజిటేరియన్" అని చెప్పి ఊరుకోకండి. అక్కడ అరబ్బీతో పాటు ఫ్రెంచి నడుస్తుంది. "సాఁ వియాండ్, సాఁ ప్వాసోఁ, సాఁ తోఁ" అనండి. మాంసం వద్దు, చేప వద్దు, ట్యూనా వద్దు అని అర్థం. కాగితం మీద రాయించుకుని చూపిస్తే మరీ మంచిది. శనగల పులుసులో రొట్టెముక్కలు వేసి, జీలకర్ర చల్లి ఇచ్చే "లబ్లాబి" కడుపు నింపుతుంది. దాన్లోనూ గుడ్డూ, ట్యూనా వద్దని ముందే చెప్పాలి. ఖర్జూరాలు, పుదీనా టీ ఎలాగూ ఉన్నాయి. సీసా నీళ్ళే తాగండి.

రైసు కుక్కరు, కందిపప్పు మోసుకెళ్ళే ఆలోచన మాత్రం మానండి. హోటలు గదుల్లో వంట ఒప్పుకోరు. ఒప్పుకున్నా, అంత దూరం వెళ్ళి మనం మళ్ళీ పొయ్యి ముందు నిలబడితే, సెలవు మిగతావాళ్ళకే గాని మనకు కాదు. పులిహోర పొడి, అటుకులు, ఆవకాయ చాలు. ఆవకాయ చేతిసంచిలో పెట్టకండి, తీసేస్తారు. పెద్ద పెట్టెలో వేయండి.

నీళ్ళలో దిగేముందు

మన బంగాళాఖాతంలో లాగా అక్కడ ఆటుపోట్లు పెద్దగా ఉండవు. అందువల్ల చెరువులాగే కనిపిస్తుంది. అయినా గాలి లేచిన రోజున అలలు లాగుతాయి. బీచిలో జెండాలు కడతారు. పచ్చజెండా ఉంటే స్నానం చేయవచ్చు. పసుపు ఉంటే జాగ్రత్త. ఎర్రజెండా ఎగిరితే మోకాలి లోతు కూడా వద్దు.

చీరతో సముద్రంలోకి దిగడం ప్రమాదం. తడిసిన అయిదు గజాల గుడ్డ కాళ్ళకు చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్ళకే కష్టం. ఒళ్ళంతా కప్పే ఈతదుస్తులు దొరుకుతున్నాయి. అక్కడి ఆడవాళ్ళు కూడా ఎందరో అటువంటివి వేసుకునే దిగుతారు, కనుక మొహమాటపడనక్కరలేదు. వేసవిలో జెల్లీచేపలు వస్తాయి. కుడితే రుద్దకూడదు, మంచినీళ్ళు పోయకూడదు, సముద్రపు నీటితోనే కడగాలి. ఊపిరి అందకపోయినా, ముఖం వాచినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. "మన ఒంటికి ఎండ కొత్తా?" అనుకోకండి. తెల్లని ఇసకా, నీళ్ళూ ఎండను రెట్టిస్తాయి. పదకొండు నుంచి నాలుగు వరకు నీడపట్టున ఉండాలి.

డబ్బు, బేరం

అక్కడి నాణెం దీనారు. దాన్ని దేశంలోకి తేవడమూ, బయటికి తీసుకుపోవడమూ చట్టరీత్యా నేరం. యూరోలు పట్టుకెళ్ళి అక్కడే మార్చుకుని, రసీదులు దాచుకోవాలి. మిగిలినవి తిరిగి మార్చడానికి అవి అవసరం. దీనారుకు వంద కాదు, వెయ్యి మిల్లీములు. చీటీ మీద "12.500" అని ఉంటే పన్నెండున్నర దీనార్లని అర్థం. పన్నెండు వేలనుకుని గుండె బాదుకోనక్కరలేదు. టాక్సీలో మీటరు వేయించండి. ఊళ్ళ మధ్య తిరిగే "లువాజ్" బండ్లు మన షేర్ ఆటోల్లాగా మనుషులు నిండగానే కదులుతాయి, ధర స్థిరం. పాతబస్తీ బజార్లో బేరం మాత్రం మన సుల్తాన్ బజారు పద్ధతే.

చూడవలసినవి

"మెదీనా" అనే ఆ పాతబస్తీని 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా చేర్చింది. అందులో రిబాత్ అనే పాత కోట, 851లో కట్టిన పెద్ద మసీదు ఉన్నాయి. భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి. కస్బాలోని మ్యూజియంలో రోమన్ల నాటి రంగురాళ్ళ బొమ్మలు చూస్తే, ముగ్గులు వేసే మన చేతులు ఊరుకోవు. రైల్లో సుమారు గంట ప్రయాణం చేస్తే ఎల్ జెమ్‌లో, 35 వేలమంది పట్టే మూడవ శతాబ్దపు రోమన్ రంగస్థలం ఉంది.

ఒక మాట దాచకూడదు. 2015 జూన్ 26న పోర్ట్ ఎల్ కంతావి బీచిలో ఒక సాయుధుడు 38 మందిని కాల్చి చంపాడు. ఆ తరువాత కాపలా బాగా పెంచారు, యాత్రికులు మళ్ళీ వస్తున్నారు. అయినా బయలుదేరే వారంలో మన ప్రభుత్వం వారి సూచనలు చదవాలి. ట్యూనిస్‌లోని భారత రాయబార కార్యాలయం నెంబరు రాసి పెట్టుకోవాలి. లిబియా, అల్జీరియా సరిహద్దుల వైపు విహారాలు పెట్టుకోకూడదు.

కాగితాలు, తేదీలు, హోటలు, తిండి, మందులు, డబ్బు అని ఆరు వరసలుగా ఒక నోటుపుస్తకంలో రాసుకుని, పిల్లలతో ఫోనులో మాట్లాడినప్పుడల్లా ఒక్కొక్కటీ కొట్టేస్తూ రండి. మొట్టమొదట కొట్టెయ్యవలసింది ఆ వీసా వరస. అది తేలేదాకా టిక్కెట్లు కొనవద్దని అమ్మాయికో, అబ్బాయికో ఈ రోజే చెప్పండి.