నీలిగుర్తు గల చోటు

జగిత్యాలలో గాని, కోరుట్లలో గాని, సిరిసిల్లలో గాని ఉదయము పదకొండు గంటల వేళ ఒక బ్యాంకు ముందు నిలిచి చూడుడు. మోటారు సైకిళ్లు ఒకదానినొకటి తాకుచు బారులు తీరియుండును. వాని నడుమ అప్పుడప్పుడు, వెనుక ఇరుప్రక్కల చిన్న చక్రములు అమర్చిన స్కూటరొకటి కానవచ్చును. కాళ్లలో బలము లేనివారు నడుపుకొను బండి అది. మామూలు స్కూటరు కంటె దాని వెడల్పు ఎక్కువ. యజమాని చంకకర్రల ఊతతో దిగి, లోపల పని ముగించుకొని వచ్చునప్పటికి రెండు ప్రక్కల రెండు వాహనములు చేరియుండినచో అతడు తన బండిని సమీపింపలేడు. ఇతరులైనచో అడ్డమున్న దానిని కొంచెము జరిపి తమ దారిని పోవుదురు. అతడు మాత్రము, ఎవరైన వచ్చి జరుపువరకు ఎండలో నిలువవలసినదే.

దివ్యాంగుల వాహనములకు వేరుగా స్థలము కేటాయించుటకు కారణమిదియే. ఆ స్థలము ద్వారమునకు దగ్గరగా నుండుట ఒక్కటియే చాలదు. వెడల్పుగా కూడ నుండవలెను. కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వశాఖ 2016వ సంవత్సరమున ప్రకటించిన మార్గదర్శకములలో దీనికి కొలతలు కలవు. భవన ప్రవేశమునకు 30 మీటర్లలోపున, కారు నిలుపుటకు కనీసము రెండు గడులు ఉండవలెను. ఒక్కొక్కటి 5 మీటర్ల పొడవును, 3.6 మీటర్ల వెడల్పును కలిగియుండవలెను. సామాన్యమైన గడి వెడల్పు రెండున్నర మీటర్లే. మిగిలిన మీటరు పైచిలుకు స్థలము వృథా కాదు. కారు తలుపు పూర్తిగా తెరచి, చక్రాల కుర్చీని ఆసనము ప్రక్కకు చేర్చి, చేతుల బలముతో దానిలోనికి జరుగుటకు అంత జాగా కావలెను. చూచువారికి అది ఖాళీ చోటు. దిగువానికి అదియే దారి.

ఆ గడిలో నీలిరంగుపై తెల్లగా చక్రాల కుర్చీ బొమ్మను వ్రాయుదురు. దీనిని 1968లో సుసాన్ కోఫోడ్ అను డెన్మార్కు దేశపు విద్యార్థిని రూపొందించెను. ఆమె వ్రాసిన బొమ్మకు తల లేదు! కుర్చీ మాత్రమే కనబడుచున్నది గాని మనిషి కనబడుటలేదని భావించి కాబోలు, తరువాత దానిపై ఒక చుక్కను చేర్చిరి. 1969 నుండి అది అంతర్జాతీయ చిహ్నమైనది.

గుర్తు వేసినంతమాత్రమున పని తీరదు. ఆ చోటికి హక్కుగలవారెవరో తెలియవలెను గదా! బ్రిటనులో 1970 నాటి చట్టమును అనుసరించి ఒక పత్రమును ఇచ్చుట ఆరంభించిరి. మొదట నారింజ రంగులో నుండిన ఆ పత్రము 2000 సంవత్సరమున నీలిరంగునకు మారినది. అందలి విశేషమేమనగా, అది వాహనమునకు గాక మనిషికి చెందును. అతడు స్వయముగా నడిపినను, అన్నగారి కారులో కూర్చుండి పోయినను, దానిని అద్దము వెనుక ఉంచుకొనవచ్చును. అతడు లేనప్పుడు అన్నగారు తమ సౌకర్యమునకు దానిని వాడుట నేరము. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల నుండి అనేకులు జీవనోపాధికై పోవు దుబాయిలోను ఇట్టి పత్రములు కలవు. అర్హత లేక ఆ గడిలో కారు నిలిపినవారికి అచ్చట 1000 దిర్హములు జరిమానా.

మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. బస్సు స్టాపులు, రైల్వే స్టేషనులు, విమానాశ్రయములలో పార్కింగు స్థలము, మరుగుదొడ్డి, టికెట్టు ఇచ్చు చోటు వీరికి అనువుగా నుండవలెనని అది శాసించుచున్నది. ఈ మూడు పట్టణముల బస్టాండులును ఆ నియమమునకు లోబడినవే. 2020 నుండి వాహనమును రిజిస్టరు చేయు దరఖాస్తులో యజమాని దివ్యాంగుడని తెలుపుటకు వీలు కల్పించిరి. అయినను సదరం ధ్రువపత్రము గాని, కేంద్రము ఇచ్చు విశిష్ట గుర్తింపు కార్డు గాని మనిషి జేబులో నుండునవే తప్ప, అద్దము వెనుక నుండి దారిన పోవువారికి కనబడునవి కావు. అందుచే కావలివాడు బండిని చూచియో, మనిషిని చూచియో పోల్చుకొనవలసివచ్చుచున్నది. అన్నగారి కారులో వచ్చినవాని గతి మరింత కష్టము. కారు అందరి కారువంటిదే. కార్డు తీసి చూపువరకు వాదము తప్పదు.

నీలిగడిలో బండి నిలుపువారిలో దుర్మార్గులు బహు కొద్దిమంది. తక్కినవారందరును చెప్పు మాట ఒక్కటే: "అయిదు నిమిషములే గదా!" ఆ అయిదు నిమిషములలో చంకకర్రలతో వచ్చినవానికి, అవి అయిదు నిమిషములని తెలియదు. గడి నిండియుండుట చూచి, వీధి చివరవరకు పోయి, అచ్చటను చోటు లేక, అతడు బండిని ఇంటివైపు మరలించును.