కోరింగ అడవికి మట్టి ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ మధ్య రాయపూర్‌లోని పండరీ బట్టల మార్కెట్‌లో ఒక దుకాణదారు ఉప్పాడ జాందానీ చీర మడతలు విప్పుతూ అడిగాడు: "మీరు ఆంధ్రావాళ్లే కదా, ఈ ఊరు సముద్రంలో కలిసిపోతోందట, నిజమేనా?" కొంత నిజమేనన్నాను. "అయ్యో పాపం" అని, ఆ వెంటనే చీర ధర చెప్పాడు. బేరం అక్కడికి మళ్లిపోయింది. సముద్రం అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి అతని జాలి కూడా దూరపు బంధువు మీద చూపే జాలిలాంటిదే. కానీ ఈ బంధుత్వం అంత దూరపుదేమీ కాదు. ఉప్పాడకు కాస్త దక్షిణాన ఉన్న కోరింగ మడ అడవులు నిలబడిన ఒండ్రులో కొంత భాగం ఛత్తీస్‌గఢ్ కొండల నుంచి కొట్టుకువచ్చినదే.

పటం తీసి చూస్తే సంగతి తేలికగా అర్థమవుతుంది. పండరీలో పడిన వాన ఖారూన్ నదిలోకి, దాని ద్వారా శివనాథ్‌లోకి, ఆపైన మహానదిలోకి చేరి, హిరాకుడ్ జలాశయం దాటి ఒడిశా తీరంలో సముద్రాన్ని కలుస్తుంది. అదే రాయపూర్ నుంచి జగదల్‌పూర్ బస్సెక్కి కేశ్‌కాల్ ఘాట్ మలుపులు దాటితే నీటి దారి మారిపోతుంది. అక్కడి నుంచి దక్షిణాన పడే వానలో ఎక్కువ భాగం ఇంద్రావతి, శబరి నదుల మీదుగా గోదావరికే వెళుతుంది. అంటే ఈ రాష్ట్రంలోని మట్టి రెండు పెద్ద డెల్టాలకు పంపకమవుతోంది. 2009లో జేమ్స్ సివిట్‌స్కీ బృందం ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించి, కుంగిపోతూ ముప్పులో పడుతున్నవాటి జాబితా వేసినప్పుడు అందులో మహానది, గోదావరి, కృష్ణ మూడూ ఉన్నాయి.

డెల్టా కుంగడమేమిటన్న అనుమానం రావచ్చు. డెల్టా రాతి నేల కాదు. వేల ఏళ్లుగా నది తెచ్చి పోసిన మెత్తని బురద పొరలు తమ బరువుకు తామే అణిగి, మధ్యలోని నీటిని వదులుతూ, ఏటా కొద్దికొద్దిగా దిగుతూ ఉంటాయి. భూగర్భం నుంచి నీరు, చమురు, వాయువు తోడితే అది ఇంకాస్త వేగంగా జరుగుతుంది. వరద వచ్చిన ప్రతిసారీ కొత్త ఒండ్రు పరుచుకుని ఆ లోటు పూడ్చేది. ఇంకోపక్క సముద్రమట్టం పెరుగుతోంది. 2006-2018 మధ్య ప్రపంచ సగటు ఏడాదికి సుమారు 3.7 మిల్లీమీటర్లు. బ్యాంకు ఖాతాతో పోలిస్తే, ఖర్చు రెండు వైపులా పెరుగుతుంటే జమ తగ్గిపోయిందన్నమాట.

ఆ జమ ఎంత తగ్గిందో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు బృందం 2010లో లెక్కగట్టింది. గోదావరి మోసుకొచ్చే తేలియాడే ఒండ్రు 1970-79 మధ్య ఏడాదికి సగటున 15 కోట్ల టన్నులు. 2000-2006 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. కృష్ణ పరిస్థితి ఇంకా ఘోరం: 1966-69లో 90 లక్షల టన్నులు ఉండేది 2000-2005 నాటికి 4 లక్షల టన్నులకు దిగింది. ఇంత తగ్గడానికి వాన మారడం కారణం కాదని, ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడమే ప్రధాన కారణమని వారి నిర్ధారణ. 1965-2008 మధ్య 43 ఏళ్లలో ఈ జంట డెల్టాల తీరం నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల కోల్పోయింది. పైగా 1990 తర్వాత కోత వేగం అంతకుముందుకన్నా ఎక్కువ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గోదావరి మీద ఆనకట్ట కొత్తదేమీ కాదు. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం పని మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేయించాడు. ఆయన వల్లే డెల్టా అన్నపూర్ణ అయిందన్నదీ నిజమే. ఆ ఆనకట్ట ఎత్తు తక్కువ, వరదలో నీరూ బురదా దాని మీదుగా దూకిపోయేవి. ఎగువన పెద్ద జలాశయాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాకే లెక్క తలకిందులైంది. పొలానికి నీరిచ్చిన కట్టడమే పొలం అంచుకు మట్టి ఇవ్వడం మానేసింది. ఇందులో ఎవరినీ దుర్మార్గులుగా చూపించడం కుదరదు. నీటి లెక్కలు వేసినవాళ్లు మట్టి లెక్కలు వేయలేదు, అంతే.

కోరింగ దగ్గరికి వద్దాం. గౌతమీ గోదావరి నుంచి చీలిన కోరింగ, గాడేరు పాయల చుట్టూ, కాకినాడ అఖాతానికి ఆనుకుని ఉన్న ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మడ, తిల్ల, ఉప్పు పొన్న చెట్లు ఇక్కడ గుంపులుగా కనిపిస్తాయి. బావురుపిల్లికీ నీటికుక్కలకూ ఇది పేరుమోసిన నెలవు. ఎదురుగా సముద్రంలో గోదావరి ఇసుకతోనే ఏర్పడిన పొడవాటి దిబ్బ హోప్ ఐలండ్. దాని మీదికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి.

ఈ తీరానికి తుపానులతో పాత పరిచయం ఉంది. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన కోరింగ ఓడరేవును ముంచెత్తింది. కలకత్తాలో తుపానుల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ 1840లలో 'సైక్లోన్' అనే మాటను తయారుచేశాడు. ఆయన అధ్యయనం చేసినవాటిలో కోరింగ తుపానూ ఒకటి. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు ఇప్పుడు మడ అడవి పక్కన ఒక చిన్న గ్రామం.

మడ చెట్టు ఉప్పెనను ఎలా ఆపుతుందని విద్యార్థులు అడుగుతుంటారు. 'ఆపుతుంది' అనేది సరైన మాట కాదు. గోడలా అడ్డం నిలబడదు, దారిలో ఘర్షణ పెంచుతుంది. గుంపులుగా లేచిన శ్వాస వేర్లు, కొమ్మల మధ్య నుంచి దిగిన ఊడలు అలను వేల చిన్నచిన్న సుడులుగా ముక్కలు చేస్తాయి. అల శక్తి ఆ సుడుల్లో వేడిగా కరిగిపోతుంది. పరిశోధనలన్నీ కలిపి చూసిన 2012 నాటి ఒక సమీక్ష ప్రకారం 100 మీటర్ల మడ అడవి సాధారణ గాలి అలల ఎత్తును 13 నుంచి 66 శాతం వరకు తగ్గిస్తుంది. ఉప్పెన సంగతి వేరు. అది పొడవైన అల కాబట్టి కిలోమీటరు మందం అడవి దాటినా తగ్గేది 5 నుంచి 50 సెంటీమీటర్లే. అందుకే సన్నని వరుసగా నాటి ఫొటోలు దిగే మొక్కల పెంపకం మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. అడవికి మందం కావాలి.

1999 నాటి ఒడిశా పెను తుపాను మీద సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ చేసిన పరిశోధన ఈ విషయంలో ఎక్కువగా ఉటంకిస్తారు. కేంద్రాపడా జిల్లాలోని వందలాది గ్రామాల లెక్కలు తీస్తే, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్నచోట మరణాలు తక్కువ. అదే పరిశోధన చెప్పిన రెండో మాటను చాలామంది వదిలేస్తారు: ముందస్తు హెచ్చరిక విని ఊరు ఖాళీ చేయడం వల్ల బతికినవాళ్లు అంతకన్నా ఎక్కువ.

పాడైన మడ అడవిని తిరిగి బతికించడమంటే మొక్కలు తెచ్చి గుచ్చడమే అనుకుంటాం. దశాబ్దాల పాటు అటవీ శాఖలూ అలాగే అనుకున్నాయి, మొక్కలు చచ్చిపోయాయి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ శాస్త్రవేత్తలు 1990లలో తమిళనాడులోని పిచ్చావరంలో దీనికి కారణం పట్టుకున్నారు. పాత రోజుల్లో కలప కోసం అడవిని పాళ్లు వేసి మొత్తంగా నరికేవారు. నీడ పోయిన బురద నేల ఎండకు ఆరి, కుంచించుకుపోయి, పళ్లెంలా గుంటపడింది. పోటు వచ్చినప్పుడు నీరు అందులోకి వస్తుంది, పాటు సమయంలో బయటికి పోదు. నిలిచిన నీరు ఆవిరవుతుంటే ఉప్పు మిగిలిపోతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఈ గుంటల్లో అది అంతకు రెండింతలు, ఇంకా పైకి కూడా చేరుతుంది. ఆకుల మీది గ్రంథుల ద్వారా ఉప్పును కక్కేసే మడ చెట్టుకు సైతం అది మోయలేని బరువు.

వైద్యం సులువైనదే. దగ్గరి ఉప్పుటేరు నుంచి సుమారు 45 డిగ్రీల వాలుగా ఒక పెద్ద కాలువ, దాని రెండు పక్కలా చిన్న కాలువలు తవ్వుతారు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. రోజుకు రెండుసార్లు పోటు లోపలికి వచ్చి పోతూ ఉప్పును కడిగేస్తుంది. కాలువ గట్ల మీద మొక్కలు నాటుతారు. తర్వాత విత్తనాలు నీటితోనే వచ్చి వాటంతటవే మొలుస్తాయి. ఆంధ్ర అటవీ శాఖతో కలిసి ఇదే పద్ధతిని గోదావరి, కృష్ణ మడ అడవుల్లోనూ అమలు చేశారు. ఒక చిక్కుంది. పోటు ఉప్పును కడగడంతో పాటు బురదనూ తెస్తుంది. కాలువలు పూడిపోతాయి, మళ్లీ మళ్లీ తీయాలి. ప్రాజెక్టులకు గడువు ఉంటుంది, పూడికకు ఉండదు.

ఆ పని చేసేదెవరు? అక్కడే ఊళ్ల సంగతి వస్తుంది. కోరింగ చుట్టూ ఉన్న మత్స్యకార గ్రామాలకు ఈ అడవి పొయ్యిలోకి పుల్ల, ఇంటికి వాసం, గేదెకు మేత, వలకు రొయ్య, బుట్టకు మండపీత. వాళ్లను కంచె బయట పెట్టి అడవిని కాపాడటం కుదరదని గ్రహించాక వన సంరక్షణ సమితులు, పర్యావరణ అభివృద్ధి కమిటీలు ఏర్పడ్డాయి. కాలువలు తవ్వడం, నారు పెంచడం, కాపలా ఊరివాళ్ల చేతికొచ్చాయి. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో నడిచిన గోదావరి ముఖద్వార పర్యావరణ ప్రాజెక్టు కూడా ఈ దారినే సాగింది. ఇందులో కూలి ఒక్కటే లాభం కాదు. రొయ్య పిల్లలు పెరిగేది ఆ వేర్ల మధ్యే కాబట్టి అడవి ఆరోగ్యం నేరుగా వలలో కనిపిస్తుంది. 1990లలో తీరమంతా రొయ్యల చెరువులు తవ్వినప్పుడు ఆ సంబంధం దెబ్బతింది. చెరువులకు 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు అడ్డుకట్ట వేసింది, కొంతవరకు.

కేంద్రం 2023లో ప్రారంభించిన 'మిష్టీ' పథకం కింద 11 రాష్ట్రాలు, 2 కేంద్రపాలిత ప్రాంతాల్లో సుమారు 540 చదరపు కిలోమీటర్ల మడ అడవులను పెంచాలని లక్ష్యం. 2021 అటవీ నివేదిక ప్రకారం దేశంలో ఉన్నవి 4,992 చదరపు కిలోమీటర్లు, అందులో ఆంధ్రప్రదేశ్‌వి 405. లక్ష్యం చిన్నదేమీ కాదు. మొక్కలకు నేల ఉండాలి కదా అన్నదే నా సందేహం.

ఉప్పాడ ఆ సందేహానికి సాక్ష్యం. అక్కడ ఒకప్పుడు భారీ జియో ట్యూబులతో, ఆపైన రాళ్లతో గోడ కట్టారు. తుపాను వచ్చిన ప్రతిసారీ దెబ్బతిని, కాకినాడ బీచ్ రోడ్డు తెగిపోతూనే ఉంది. తూర్పు తీరంలో ఇసుక మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. గోదావరి ఇచ్చే ఇసుకే తగ్గింది. వచ్చినదాన్ని హోప్ ఐలండ్ దిబ్బ, రేవు కట్టడాలు పట్టేసుకుంటే ఉప్పాడకు మిగిలేది ఆకలిగొన్న అల. రాళ్లు అలను ఆపగలవేమో గాని ఇసుకను పుట్టించలేవు.

మహానది వైపు కథ ఇంకా ముందుకు వెళ్లిపోయింది. కేంద్రాపడా తీరంలోని సాతభాయా గ్రామాల సముదాయంలో చాలా ఊళ్లను సముద్రం మింగేశాక, మిగిలిన 571 కుటుంబాలను ఒడిశా ప్రభుత్వం లోపలికి, బగపాటియాకు తరలించింది. 2018లో పంచుబరాహి అమ్మవార్ల విగ్రహాలనూ తీసుకెళ్లారు. ఊరు కదిలితే చేపలు పట్టే రేవు వెంట రాదు. అమెరికాలో మిసిసిపీ డెల్టా 1930ల నుంచి 4,800 చదరపు కిలోమీటర్లకు పైగా నేల కోల్పోయింది. అక్కడ నది గట్టుకు తూము పెట్టి బురద నీటిని చిత్తడి నేలల్లోకి మళ్లించే భారీ ప్రాజెక్టును 2023లో మొదలుపెట్టి, ఖర్చు పెరగడంతో పాటు ఆల్చిప్పల జాలర్ల అభ్యంతరాలూ రావడంతో 2025లో రద్దు చేశారు. నదిని తిరిగి మట్టి మోయించడం డబ్బున్న దేశానికీ తేలిక కాలేదు.

మన దగ్గర ఇంకా కొన్ని నిర్ణయాలు జరగాల్సి ఉంది. ఇంద్రావతి మీద ఛత్తీస్‌గఢ్‌లో బోధ్‌ఘాట్ ఆనకట్ట ప్రతిపాదన దశాబ్దాలుగా కాగితాల మీదే నలుగుతోంది. మునిగే ఊళ్ల గురించి, అడవి గురించి వాదనలు నడుస్తున్నాయి, నడవాలి కూడా. కానీ దిగువ డెల్టాకు ఆగిపోయే ఒండ్రు ఎంత అన్న ప్రశ్న ఆ చర్చల్లో నాకు అరుదుగా వినిపించింది. శబరి కలిశాక కట్టుతున్న పోలవరం విషయంలోనూ అంతే. కాలువలకు వెళ్లే నీటిని శతకోటి ఘనపుటడుగుల లెక్కన కొలుస్తున్నాం. గేట్ల కింది నుంచి వరదలో ఎంత బురదను వదలవచ్చు, ఏ నెలలో వదలాలి అన్నవీ ఇంజినీర్లకు తెలిసిన లెక్కలే. జలాశయాల్లో పూడిక తగ్గించేందుకు ఇతర దేశాలు వాడుతున్న పద్ధతులే అవి.

నేను ఆ చీర కొనలేదు, ధర ఎక్కువ చెప్పాడు. మళ్లీ పండరీ వెళ్లినప్పుడు అతనికి పటం మీద ఇంద్రావతిని చూపించాలని ఉంది.