తాగుడు మాన్పించే మాత్ర పులుసులో ఉండదు

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో తాగే మనిషి ఉంటే ఈ నాలుగు ముక్కలూ ఓపిగ్గా చదవండి. నేను ఇంటర్‌తో చదువు ఆపేసిన దాన్ని. పుస్తకాల్లో చదివింది కాదు, మా ఇంట్లో జరిగింది చెబుతున్నాను.

మా పుట్టిల్లు ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. మా తమ్ముడు బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు చేసేవాడు. ఒళ్లు నొప్పులని మొదట రాత్రిపూట కాస్త పుచ్చుకునేవాడు. రానురాను పొద్దున్నే చుక్క పడకపోతే చెయ్యి వణికి వెల్డింగు హోల్డరు పట్టుకోలేని స్థితికొచ్చాడు.

మా మరదలికి ఎవరో చెప్పారు, "మాత్ర నూరి కూరలో కలిపెయ్యి, వాసన కూడా రాదు" అని. ఒక మందుల షాపులో చీటీ లేకుండానే ఇచ్చారు. మజ్జిగ పులుసులో కలిపింది. నేనూ సరే అన్నాను, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. మర్నాడు సాయంత్రం తాగొచ్చాడో లేదో మొహం ఎర్రగా కందిపోయింది, గుండె దడ, వాంతులు, ఆఖరికి స్పృహ తప్పాడు. ఆసుపత్రికి మోసుకుపోయాం. ఆ మందు పేరు డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు పరీక్ష చేసి, మనిషికి అన్నీ చెప్పి, అతను ఒప్పుకున్నాకే ఇవ్వాలిట. సంగతి తెలిశాక మా తమ్ముడు ఇంట్లో అన్నం మానేశాడు. పెళ్లాం చేతి ముద్దంటేనే భయం పట్టుకుంది. తాగుడు మాత్రం పోలేదు.

మరుసటి ఏడు తాగి బండి నడుపుతూ కరకట్ట మీద సైకిలాయన్ని గుద్దాడు. ఆయన చనిపోయారు. ఆ ఇంటివాళ్ల దుఃఖం ముందు మా కష్టం ఏపాటిది చెప్పండి? రిమాండుకి పంపిన మూడో రాత్రి లేని పాములు పాకుతున్నాయని కేకలు పెట్టాడట. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఇలా మతి తప్పడం, ఫిట్సు రావడం ఉంటుంది. కొందరికి ప్రాణమే పోతుంది. అందుకే ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి మాన్పించాలని చూడకండి. డాక్టరు దగ్గరికే తీసుకెళ్లండి.

శిక్ష పడి రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఏడాదిన్నర ఉన్నాడు. తాగుడు పోయిందని మేం సంబరపడ్డాం. కానీ అక్కడ దొరక్క తాగలేదు, అంతే. వచ్చిన నాలుగో రోజే మళ్లీ మొదలు.

మన ఆడవాళ్లు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో కొంగు బిగించబట్టే 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం పెట్టారు, 1997లో సడలించారు. దుకాణం మూయించడం ఒక ఎత్తు, మనిషి లోపలి దాహం తీర్చడం ఇంకో ఎత్తు.

ఈసారి వాడే "అక్కా, నా వల్ల కావడంలేదు, ఎక్కడికైనా తీసుకెళ్లు" అన్నాడు. చికిత్స చేయించాం. తర్వాత ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు పోవడం మొదలెట్టాడు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడై మొదలుపెట్టిన సంఘం అది. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. జన్మంతా మానతానని ఒట్టు పెట్టించరు, ఈ ఒక్కరోజు తాగకుండా ఉండమంటారు.

జైలుకెళ్లొచ్చిన మనిషికి పనెవరిస్తారు? నాలుగు షెడ్లు తిరిగాక ఒక ముసలి మేస్త్రి ఇచ్చాడు, కూలి మరదలి చేతికిచ్చే షరతు మీద. అది వాడే అడిగిన షరతు. బండి మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. షెడ్డు కట్టేసే ఆరుగంటల వేళే అసలు గండం. అందుకని మరదలు ఆ వేళకి గేటు దగ్గరుంటుంది, డబ్బాలో రెండు అట్లో, బెల్లం ఉండలో పట్టుకుని. ఖాళీ కడుపున ఆ దాహం ఇంకా పెరుగుతుంది మరి. మేం పాత సంగతులు ఎత్తం, అలాగని తప్పు చేస్తే దాచిపెట్టం.

మొన్న పండక్కి వెళితే మరదలు చాలా ఏళ్ల తర్వాత మజ్జిగ పులుసు చేసింది. ముందు తన కంచంలో పోసుకుని ఒక ముద్ద తినబోయింది. మా తమ్ముడు గిన్నె తన వైపు లాక్కుని, "నువ్వు ముందు తిననక్కర్లేదే, నాకు పొయ్యి" అన్నాడు. మా ఇద్దరికీ కళ్లనీళ్లు ఆగలేదు.

వాడు తాగక రెండేళ్లు దాటింది. రేపటి మాట నేను చెప్పలేను, వాడూ చెప్పడు. మీ ఇంట్లో ఈ కష్టం ఉంటే సిగ్గుపడకండి. మత్తు మాన్పించే సలహా కోసం 14446కి, జైల్లో ఉన్నవాళ్లకి ఉచిత న్యాయసాయం కోసం 15100కి ఫోన్ చెయ్యండి. మీకు ఎవరేం చెప్పినా సరే, పులుసులో మాత్రం ఏమీ కలపకండి.