ఉన్ని కోటు - స్వయంగా కుట్టుకొనే విధానం

కూడు, గూడు, గుడ్డ అని మన పెద్దలు చెప్పిన మూడు అవసరాలలో మూడవదానిని గురించి విద్యార్థులమైన మనం ఆలోచించేది తక్కువ. దక్కను పీఠభూమిలో సంవత్సరంలో అధిక భాగం పలుచని నూలు బట్టలతోనే గడిచిపోతుంది. అయితే ఆదిలాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత తరచు 10 డిగ్రీల సెల్సియస్ కంటె దిగువకు పోతుంది. పై చదువులకై ఢిల్లీకో, అలీగఢ్‌కో వెళ్ళేవారికి శీతకాలంలో ఉన్ని కోటు అలంకారం కాదు, అవసరం. దానిని కొనుట ఒక మార్గం. నమూనా కాగితం సహాయంతో స్వయంగా కుట్టుకొనుట మరొక మార్గం. ఈ రెండవ మార్గాన్ని వివరించుటయే మా ఉద్దేశం.

ముందుగా ఒక విషయం గ్రహించవలెను. కోటు వేడిని పుట్టించదు. వేడిని పుట్టించేది మన దేహమే. దానిని పోనీయక నిలుపుట కోటు చేసే పని. ఉన్నిపోగులు సహజంగా మెలికలు తిరిగి ఉంటాయి. ఆ మెలికల నడుమ చిక్కుకొన్న గాలి కదలక నిలుస్తుంది. కదలని గాలి గుండా వేడి సులభంగా పోజాలదు. పైగా ఉన్ని తన బరువులో సుమారు 30 శాతం తేమను పీల్చుకొన్నా తడిసినట్లు తోచదు. కోటు మరీ బిగువైతే లోపలి గాలికి చోటుండదు. మరీ వదులైతే మెడ వద్ద, అంచు వద్ద చలిగాలి జొరబడుతుంది. కనుక సరియైన కొలత సొగసు కొరకు మాత్రమే కాదు, వెచ్చదనం కొరకు కూడ.

ఆ కొలతల విద్య చిరకాలం ఉస్తాదు చేతి నుండి శిష్యుని చేతికి మాత్రమే అందుతూ వచ్చింది. 1863లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ ఒకే దుస్తుకు వేర్వేరు సైజులలో కాగితపు నమూనాలను తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. గురువు దొరకని సామాన్య గృహిణికి కూడ ఆ విద్య కొంతవరకు అందుబాటులోకి వచ్చింది. కోటు నమూనాలో వీపు భాగం, ముందు భాగాలు, చేతులు, పై కాలరు, క్రింది కాలరు, జేబులు, అస్తరు వేర్వేరు ముక్కలుగా ఉంటాయి. ప్రతి ముక్క మీద ఒక బాణపు గుర్తు ఉంటుంది. ఆ బాణం గుడ్డ పడుగుకు సమాంతరంగా ఉండేటట్లు పరచవలెను. వంకరగా పరచి కత్తిరించిన కోటు ఎంత ఇస్త్రీ చేసినా ఒక ప్రక్కకు వ్రేలాడుతుంది.

అయితే నమూనా ఒక సగటు దేహానికి గీసినది. మన దేహం సగటు కాదు. ఒకరి భుజాలు వాలి ఉంటాయి. మరొకరి వీపు కొంచెం వంగి ఉంటుంది. మేము మొదట కుట్టిన కోటులో ఈ సంగతిని లెక్కచేయలేదు. పలుచని చొక్కా మీద కొలతలు తీసి, నేరుగా ఉన్ని గుడ్డను కత్తిరించాము. స్వెటరు మీద తొడిగి చూడగా చేతులు ముందుకు చాచలేకపోయాము. కత్తెర పడిన గుడ్డ తిరిగి అతకదు. కూడబెట్టిన సొమ్ము, నెల రోజుల శ్రమ వృథా అయినవి.

నాటి నుండి రెండు నియమాలు పాటిస్తున్నాము. మొదటిది, కోటు లోపల వేసుకొనే స్వెటరు తొడిగిన తరువాతనే ఛాతీ కొలత తీసి, దానికి సుమారు 10 సెంటీమీటర్లు కలిపి, పూర్తయిన కోటుకు నమూనాలో ఇచ్చిన కొలతతో పోల్చుట. రెండవది, చవకైన కోరా గుడ్డతో ముందుగా ఒక కోటు కచ్చా కుట్టు వేసి తొడిగి చూచుట. చేతులు పైకెత్తి, ముందుకు చాచి, కూర్చుండి పరీక్షించవలెను. లోపాలను అక్కడే సరిదిద్ది, ఆ మార్పులను నమూనా మీద గుర్తించవలెను. కోరా గుడ్డలో చేసిన తప్పు పాఠం; ఉన్నిలో చేసిన తప్పు నష్టం.

మోకాళ్ళ వరకు వచ్చే కోటుకు 150 సెంటీమీటర్ల పన్నా గల ఉన్ని గుడ్డ సాధారణంగా 2.5 నుండి 3 మీటర్లు పడుతుంది. తడి తగిలితే ఉన్ని కుంచించుకొనిపోతుంది గనుక, కత్తిరించుటకు ముందే తడిగుడ్డ పరచి ఆవిరిపట్టి ఇస్త్రీ చేయవలెను. నూగు గల గుడ్డ అయితే ముక్కలన్నిటిలో నూగు క్రిందివైపుకే ఉండవలెను. లేనిచో ఒకే గుడ్డ రెండు రంగులుగా కనబడుతుంది.

ముందు భాగాల లోపల కాన్వాసు పెట్టి చేతితో వదులుగా కుట్టవలెను. రొమ్ము వద్ద కోటు నిలిచేది దానివల్లనే. జేబులు ముందుగానే, ముక్కలు పరచి ఉండగానే కుట్టుట సులభం. తరువాత భుజాలు, ప్రక్కలు, కాలరు, చేతులు. పై కాలరు క్రిందిదానికంటె సుమారు 3 మిల్లీమీటర్లు పెద్దదిగా ఉంటే కుట్టు బయటకు కనబడదు. చేతి పై అంచు చంక వంపు కంటె కొంత ఎక్కువగా ఉంటుంది. ఆ ఎక్కువను కుచ్చులు పడనీయక, ఆవిరితో కుదించి కలపవలెను. అస్తరుకు వీపు నడుమ సుమారు 2.5 సెంటీమీటర్ల మడత ఉంచకపోతే చేతులు చాచినపుడు చిరుగుతుంది. కాజాలు, బొత్తాలు చివరి పని.

ప్రతి కుట్టును తడిగుడ్డ మీదుగా ఇస్త్రీ చేసిన తరువాతనే మరొక కుట్టుకు పోవలెను. ఇస్త్రీపెట్టెను ఈడ్వరాదు, మోపి ఎత్తవలెను. గుడ్డ చల్లారే వరకు కదపరాదు. కోటు పనిలో సగం సూదిది, సగం ఇస్త్రీది.

ఈ పనిలో వాడే మాటలు కూడ గమనింపదగినవి. దర్జీ, అస్తరు పారసీకం నుండి, జేబు అరబ్బీ నుండి, ఇస్త్రీ, కాజా, బొత్తాం పోర్చుగీసు నుండి వచ్చినవి. కత్తెర, సూది సంస్కృతపు కర్తరి, సూచి పదాల రూపాలు. కోటు ఇంగ్లీషు మాట. ఉర్దూ, తెలుగు రెండును చదివే మన కళాశాలలో ఈ మాటలలో పెక్కు ఎవరికీ పరాయివి కావు. ఇన్ని భాషల మాటలు ఒకే కోటులో కలిసి మనకు వెచ్చదనం ఇస్తున్నవి.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. ఒక కుట్టుమిషను, ఒక పొడవాటి బల్ల, ఒక ఇస్త్రీపెట్టె దసరా సెలవులలో విద్యార్థినీ విద్యార్థులకు అందుబాటులో ఉంచినట్లయితే, చలికాలం వచ్చేనాటికి కొందరైనా స్వయంగా కోటు కుట్టుకొనగలరు. కుట్టిన పిదప నమూనాను పారవేయక, సవరణలు వ్రాసి భద్రపరచవలెను. మనం చేసిన పొరపాటు మన తరువాత వచ్చే తమ్మునికో, చెల్లెలికో మరల చేయవలసిన అవసరం రాదు.